నర్సు కావాలంటే సైన్సు గడప దాటాలి

(దళితవాడలో పదో తరగతి, ఇంటర్ పిల్లలతో, తల్లిదండ్రులతో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్లం. మా ఇండ్లల్లో డిగ్రీ దాకా పోయిన మొదటి మనుషులం. పదో తరగతి పాసైన మన ఆడపిల్లల్ని ఏమైతవమ్మా అని అడిగితే చాలామంది "నర్సునైతా" అంటున్నారు. వినడానికి సంతోషమే. కానీ రెండేళ్లు తిరిగేసరికి వాళ్లలో ఎంతోమంది పత్తి చేన్లలో కనబడుతున్నారు. ఎందుకిట్లా అయితున్నదో ఈ రోజు మాట్లాడుకుందాం.

నర్సు పని మనకు కొత్త కాదు. కాన్పులు చేసి బొడ్డు కోసిన మంత్రసానులు చాలా ఊళ్లల్లో మన వాడలవాళ్లే. మైల పని అని అది మనకు వదిలేసిన్రు. అదే పనికి జీతం, గౌరవం వచ్చినంక సర్టిఫికెట్ అడుగుతున్నారు. అడగడం తప్పని మేము అనం. మనిషి ప్రాణంతో పని కాబట్టి చదువు ఉండాల్సిందే. ఆ చదువుకు మనల్ని దూరం పెట్టిందెవరు అన్నదే మన ప్రశ్న.

నిబంధన తెలుసుకోండి. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌కు ఇంటర్‌లో భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, జీవశాస్త్రం చదివి ఉండాలి. ఆ మూడూ కలిపి 45 శాతం రావాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 40 శాతం. ఇంగ్లీషు విడిగా పాసు కావాలి. అయితే 40 శాతం గడప మాత్రమే, సీటు కాదు. మూడేళ్ల జీఎన్ఎం కోర్సుకు నర్సింగ్ కౌన్సిల్ వేరే గ్రూపుల వాళ్లనూ ఒప్పుకుంటుంది. ఆ దారి ఉన్నదని గుర్తుంచుకోండి. కానీ ఏ దారిన పోయినా శరీర నిర్మాణం, సూక్ష్మజీవులు చదవక తప్పదు. ఇక్కడ తప్పించుకున్న సైన్సు అక్కడ ఎదురొస్తుంది.

మన పిల్ల కాలేజీ గుమ్మం ఎక్కగానే "నీకెందుకమ్మా సైన్సు, సీఈసీ తీసుకో, సులువు" అంటారు. మంచి మాట లెక్కనే చెప్తారు. బాబాసాహెబ్‌కు బడిలో సంస్కృతం చదవాలని ఉండేది. అంటరానివాడని చెప్పనియ్యలేదు, పారశీకం తీసుకోవాల్సి వచ్చింది. తర్వాత ఆయన సంస్కృతాన్ని సొంతంగా నేర్చుకున్నారు. ఆనాడు సంస్కృతం, ఈనాడు సైన్సు. తలుపు మూసే తీరు మారింది, అంతే.

సైన్సు బరువే, కాదనం. కానీ అది మనకు తెలియని లోకం కాదు. సెలైన్ సీసా చూడని ఇల్లు మన వాడలో ఉన్నదా? దాని మీద 0.9 శాతం అని రాసి ఉంటుంది. అంటే లీటరుకు 9 గ్రాముల ఉప్పు. అది రసాయనశాస్త్రం. బీపీ 120 అంటే పాదరసం 120 మిల్లీమీటర్ల ఎత్తుకు లేచేంత ఒత్తిడి. అది భౌతికశాస్త్రం. 500 మిల్లీలీటర్ల సీసా 4 గంటల్లో ఎక్కాలి, గొట్టంలో మిల్లీలీటరుకు 20 చుక్కలు పడతాయనుకోండి. నిమిషానికి దాదాపు 42 చుక్కలు పడాలి. ఈ లెక్క తప్పితే రోగికి ముప్పు. అందుకే బట్టీ పట్టి గట్టెక్కితే సరిపోదు.

మాకు తెలిసిన ఒక పిల్ల మొదటి ఏడు భౌతికశాస్త్రంలో తప్పింది. తెలివి లేక కాదు. ఆ కాలేజీలో ఆ పాఠం చెప్పే లెక్చరర్ సంక్రాంతి దాకా లేడు. పత్తి ఏరే రోజుల్లో పిల్ల చేనుకు పోయింది. తప్పిందనగానే ఇంట్లో పెండ్లి మాట తెచ్చిన్రు. ఒక్క పేపరు తప్పితే రెండో ఏడు చదువుకుంటూనే మళ్లీ రాసుకోవచ్చని, సప్లిమెంటరీ ఉంటుందని ఆ తల్లికి చెప్పినవాళ్లు లేరు. మేమూ ఆలస్యంగా పోయినం. ఆ తప్పు మాది కూడా.

చెల్లెళ్లారా, అన్ని పుస్తకాలు ఒక్కసారి ముందేసుకొని భయపడకండి. లెక్కలుండే భౌతిక, రసాయన శాస్త్రాలను రోజూ కొంచెం, తల తేటగా ఉన్నప్పుడు చేయండి. జీవశాస్త్రం బొమ్మ గీసి చదవండి. ఇంగ్లీషు మాటకు పక్కన తెలుగు రాసుకోండి: కిడ్నీ, మూత్రపిండం. నలుగురు కలిసి కూర్చోండి, ఒకరికి తెలిసింది ఇంకొకరికి చెప్పండి. చెప్తేనే మనకు వచ్చిందో రాలేదో తెలుస్తుంది.

తల్లులారా, తండ్రులారా, కూలి ఎంత అవసరమో మాకు తెలుసు, మేమూ ఆ కూలి తిని పెరిగినోళ్లమే. అయినా అడుగుతున్నాం. పరీక్షల ముందు రెండు నెలలు బిడ్డను చేనుకు పంపకండి. ఇంటి పని కొడుకుకు కూడా చెప్పండి.

కార్యకర్తలారా, సంఘ భవనంలో రాత్రి లైటు వెలగాలి. కాలేజీలో లెక్చరర్ ఉన్నాడా, ల్యాబు తాళం తీస్తున్నారా అని జూన్‌లోనే పోయి చూడండి. లేకపోతే అర్జీ పెట్టండి, వినకపోతే కూర్చోండి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు ముందే తీయించండి. జయంతికి దండ వేసినంత శ్రద్ధగా ఈ పని చేయాలి.

మన అవ్వలు చదువు లేకుండానే ఊరందరి బిడ్డలకు బొడ్డు కోసిన్రు. వాళ్ల మనుమరాళ్లు చదువుకొని ఆ దవాఖానలో నిలబడాలి. వచ్చే జూన్‌లో ఈ వాడ నుంచి ఎంతమంది బైపీసీలో చేరిన్రో మళ్లీ వచ్చి అడుగుతాం.

జై భీమ్!