గాలివాన తీసుకుపోని పర్సు

పాలగుమ్మి పద్మరాజు గారి ‘గాలివాన’ ప్రస్తావన వస్తే రెండు మాటలు తప్పకుండా వినపడతాయి. ఒకటి, 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో దానికొచ్చిన రెండో బహుమతి. రెండోది, అందులోని తుఫాను కథానాయకుడు రావుగారి మనసుకు ప్రతీక అన్నది. బహుమతి సంగతి సరే, ఈ రెండో మాటతోనే నాకు పేచీ. గాలి అందరిమీదా ఒకేలా వీస్తుంది. ఫలానా మనిషి ఎలాంటివాడో తెలియాలంటే అతను దాచుకునేదీ వదులుకునేదీ చూడాలి. ఈ కథలో ఆ పని చేసేవి ఒక పర్సు, ఒక ఉంగరం, కాసిన్ని టిక్కెట్ల డబ్బులు.

రావుగారి జీవితమంతా నియమాలే. ముష్టి వెయ్యకపోవడం కూడా ఆయన దృష్టిలో పిసినారితనం కాదు, సిద్ధాంతం. అందుకే రైల్లో ముష్టిమనిషి ఎంత అడిగినా ఆయన పర్సు తెరుచుకోదు. రైలు దిగాక ఆ రాత్రి స్టేషన్లో, తుఫానులో, ఆ ముష్టిమనిషి ఒంటి వెచ్చదనమే ఆయన్ని నిలబెడుతుంది. తెల్లారి చూస్తే ఆమె చనిపోయి ఉంటుంది. ఒక చేతిలో ఆయన పర్సు, ఇంకో చేతిలో స్టేషన్లో టిక్కెట్లమ్మిన డబ్బు. రావుగారు తన ఉంగరం ఆమె వేలికి తొడుగుతారు. కథ అక్కడితో ఆగితే మారిన మనిషి కథ అనేసి ఊరుకోవచ్చు. కానీ పర్సు మాత్రం వెనక్కి తీసుకుంటారు. ఉంగరం ఎవరిదో లోకానికి తెలీదు, పర్సు ఆయన్ని పట్టిస్తుంది. ఆయన ఇచ్చింది తన ఆనవాలు లేనిదే! ఇక టిక్కెట్ల డబ్బు సొరుగులో పెట్టేస్తారు. ఎవరి సొమ్ము వాళ్లకి చేర్చడం పాత రావుగారూ చేసే పనే. అయితే అప్పుడు నియమం కోసం చేసేవారు, ఇప్పుడు ఆమెను ఎవరూ దొంగ అనకూడదని చేస్తున్నారు.

‘శవం దగ్గర పర్సు దొరికితే చిక్కు గదా, తీసుకోక ఏం చేస్తాడు? ఇందులో ప్రతీక ఎక్కడుంది?’ అనొచ్చు. నిజమే, అవసరం కొద్దీ తీసుకున్నారు. వస్తువు ముందు కథలో తన పని తాను చెయ్యాలి. ఆ పని లేకుండా అర్థం కోసమే తెచ్చిపెట్టిన వస్తువైతే పాత్రను కాదు, రచయిత తెలివినే చూపిస్తుంది. ‘పద్మరాజు గారు ఇంత ఆలోచించి రాశారా?’ అన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, అక్కర్లేదు కూడా. తెరుచుకోని పర్సుతో నడిచిన కథ చివరికి మళ్లీ ఆ పర్సు దగ్గరికే వచ్చిందన్నది మాత్రం పేజీ మీదే ఉంది. అలాగని రావుగారు మారలేదని అనను. గాలివాన ఆయన సిద్ధాంతాల్ని ఊడ్చుకుపోయింది గానీ, పరువు భయాన్ని కదిలించలేకపోయింది.