రెండో తెర మనవాళ్ల వైపు
(సొసైటీ వార్షిక దాతల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





నాకు అప్పగించిన విషయం మన హెల్ప్ డెస్క్ కంప్యూటర్. ముందుగా ఒక్క సంగతి చెబుతాను. రెండేళ్ల కిందట ఒక తల్లి తన బిడ్డ స్కాలర్‌షిప్ అర్జీ పట్టుకుని వచ్చింది. బయట ఎక్కడో నింపించారు. పదో తరగతి మెమోలో 'షేక్' అనే మాటకు ఇంగ్లిషులో చివర హెచ్ లేదు, అర్జీలో ఉంది. ఆ ఒక్క అక్షరంతో అర్జీ ఆగిపోయింది. "మీరు చూసుకోలేదా అమ్మా?" అని అడిగాను. "తెర ఆయన దిక్కే ఉండె బేటా, నాకెట్ల కనబడుతది?" అంది. అడిగినందుకు నాకే సిగ్గేసింది. ఎందుకంటే మన డెస్క్ మీద కూడా తెర మా వైపే ఉండేది.

ఆధార్ నమోదు కేంద్రంలో మీరు చూసే ఉంటారు. ఆపరేటర్ టైపు చేసే వివరాలు మనం సరిచూసుకునేందుకు మరో మానిటర్ మన వైపు తిప్పి ఉంచుతారు. ఆ పద్ధతినే మనమూ తెచ్చుకున్నాం. ఒక దాత తన దుకాణంలో మూలకున్న మానిటర్ ఇచ్చారు. ఈపాస్‌లో అర్జీ నింపేటప్పుడు రెండు తెరల మీదా ఒకటే కనబడుతుంది. బిడ్డ చదివి వినిపిస్తుంది, తల్లి "సరే" అన్నాకే పంపుతాం. ఎవరూ ఎదుట లేనప్పుడు అవే తెరలను విడదీసి, ఒకదానిలో సర్టిఫికెట్, ఇంకోదానిలో ఫారం పెట్టుకుని సరిపోల్చుకుంటాం.

ఇక కంప్యూటర్ మాట. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 చాలా పాత యంత్రాలను ఒప్పుకోదు. అంతమాత్రాన అవి పాత సామానుకు పోవాల్సినవి కావు. వాటిలో లినక్స్ వేసుకోవచ్చు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన పని అది. ఓపెన్ సోర్స్ అంటే దాని తయారీ అందరికీ తెరిచి ఉంటుంది. ఎవరైనా చూడవచ్చు, సరిదిద్దవచ్చు, పక్కవారికి పంచవచ్చు. కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్లుగా పిల్లలు దీనిమీదే నేర్చుకుంటున్నారు. హైదరాబాద్‌లో 'స్వేచ్ఛ' సంస్థ 2005 నుంచి దీన్ని తెలుగువారికి చేరువ చేస్తోంది.

మేము ఉబుంటులో ఎల్‌టీఎస్ రకం ఎంచుకున్నాం. ఐదేళ్లు భద్రతా అప్‌డేట్లు వస్తాయి. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపించి రెండు తెరలు, ప్రింటర్, స్కానర్ పనిచేస్తున్నాయని చూసుకుని, ఆ తర్వాతే ఎక్కించాం. మదర్‌బోర్డులోని ఇంటెల్ గ్రాఫిక్సే రెండు మానిటర్లకు సరిపోయింది. పాత మానిటర్‌కు వీజీఏ మాత్రమే ఉంది కాబట్టి హెచ్‌డీఎంఐ నుంచి సిగ్నల్ మార్చే కన్వర్టర్ ఒకటి కొన్నాం. ఉత్త కేబుల్ పనిచేయదు. లిబ్రే ఆఫీస్‌లో ఉర్దూ, తెలుగు ఒకే పేజీలో రాసుకుంటున్నాం.

సాఫ్ట్‌వేర్‌కు మిగిలిన డబ్బును నమ్మకానికి ఖర్చుపెట్టాం. కరెంటు పోతే అర్జీ సగంలో పోకుండా యూపీఎస్, పాత హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్ఎస్‌డీ, బ్యాకప్‌కు రెండు డిస్కులు. ఆ రెండింటిలో ఒకటి వేరే ఇంట్లో ఉంటుంది. మన ఆదిలాబాద్ ఎండలకు, పత్తి సీజన్ దుమ్ముకు నెలకోసారి క్యాబినెట్ విప్పి శుభ్రం చేయాల్సిందే. డిస్కుకు తాళం వేసినట్టు పాస్‌వర్డ్ ఉంది. పని ముగిశాక స్కాన్ చేసిన కాగితాలు తీసేస్తాం. అవి మన దగ్గర ఉన్న అమానత్.

లోటు కూడా దాచను. కొన్ని వేలిముద్ర యంత్రాలు, డిజిటల్ సంతకాల సాఫ్ట్‌వేర్ విండోస్ మీదే నడుస్తాయి. పాత ఇన్‌పేజ్ ఉర్దూ ఫైళ్లదీ అదే గొడవ. అందుకే ఒక విండోస్ యంత్రాన్ని ఉంచుకున్నాం.

దాతలారా, మీ నుంచి మూడు కోరుతున్నాను. మీ దుకాణంలో, ఆఫీసులో వాడకుండా పడి ఉన్న మానిటర్ ఇవ్వండి. యూపీఎస్ బ్యాటరీ కొన్నేళ్లకోసారి మార్చాలి, ఆ ఖర్చు ఎవరైనా భరించండి. మూడోది అన్నిటికంటే పెద్దది. కంప్యూటర్ తెలిసిన మీ ఇంటి పిల్లలను ఆదివారం రెండు గంటలు పంపండి. సాఫ్ట్‌వేర్ ఉచితమే కానీ దాన్ని చూసుకునే మనిషి సమయం ఉచితం కాదు. నేర్చుకున్నవాడు ఇంకొకరికి నేర్పితే, ఆ ఇల్మ్ సాగినంతకాలం అది సదఖా జారియాయే.

నిన్న ఒక అమ్మ తెర మీద వేలు పెట్టి, "ఇక్కడ నా పేరు తప్పుంది" అని చూపింది. నిజంగానే తప్పుంది. అప్పటికప్పుడు దిద్దాం. మీరిచ్చిన డబ్బు ఆ వేలి దగ్గరికి చేరింది. అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక, ఆమీన్.