లోక నగరాల మైత్రి – మన గ్రామసభ

(అంబాజీపేటలో యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రెండవ ప్రపంచ యుద్ధానంతరం ఒక దేశపు నగరం మరొక దేశపు నగరంతో మైత్రి నెరపే పద్ధతి బలపడింది. 1956లో అమెరికా అధ్యక్షుడు ఐసన్‌హోవర్ దీనికి ఊతమిచ్చారు. మన విజయవాడకు కాలిఫోర్నియాలోని మొడెస్టోతో ఇట్టి సోదర బంధమున్నది. శాలువలు, జ్ఞాపికలు అటుంచితే, ఒక ఊరి మంచి పద్ధతి మరొక ఊరికి చేరడమే నగరాల మైత్రికి అసలు ఫలం.

బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రె నగరంలో 1989లో ఒక విధానం మొదలైంది. పురపాలక బడ్జెట్‌లో కొంత భాగాన్ని ఏ పనులకు వెచ్చించాలో పేటల ప్రజలే సమావేశమై నిర్ణయిస్తారు. అది దేశదేశాల నగరాలకు పాకింది. 2014లో అమెరికాలోని బోస్టన్ నగరం 10 లక్షల డాలర్లను ప్రత్యేకించి, వాటి వినియోగాన్ని 12 నుండి 25 ఏండ్ల వారి ఓటుకే విడిచిపెట్టింది. ఎన్నికలలో ఓటు హక్కు రాని బాలలు సైతం తమ ఊరి పనులను ఎంచుకున్నారు.

మన పంచాయతీ విదేశీ నగరంతో ఒప్పందానికి పోనవసరం లేదు. ఆ పద్ధతికి కావలసిన పునాది 73వ రాజ్యాంగ సవరణ అమలులోకి వచ్చిన 1993 ఏప్రిల్ 24 నుండే మన చేతిలో ఉన్నది. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివారూ గ్రామసభ సభ్యులే. 21 ఏండ్లు నిండినవారు పంచాయతీకి పోటీ చేయవచ్చు. 2024 ఆగస్టు 23న మన రాష్ట్రంలోని 13,326 పంచాయతీలలో ఒకేరోజు గ్రామసభలు జరిగాయి. ఆనాడు మన ఇండ్ల నుండి ఎందరు పిల్లలు వెళ్ళారో ఎవరికి వారే లెక్క వేసుకోవాలి.

స్థానిక సంస్థలలో మతం పేరిట రాజ్యాంగం స్థానాలు ప్రత్యేకించలేదు. కోనసీమ పల్లెలలో మన ఇండ్లు కొద్ది. కనుక ఓట్ల సంఖ్యతో సాధించలేనిదానిని హాజరుతో, వ్రాతపూర్వకమైన అర్జీతో సాధించాలి. ఖబరస్తాన్‌కు దారి, మురుగుకాలువ, వీధిదీపం అడిగేటప్పుడు పొరుగు పేటల అవసరాలనూ కలిపి అడగండి. అప్పుడది ఊరందరి కోరిక అవుతుంది.

కువైట్, దుబాయ్‌లలో మన అన్నదమ్ములు శ్రమిస్తున్నారు. అక్కడి నగరపాలనలో వారికి ఓటు లేదు. ఇక్కడ మనకున్నది. దానిని వృథా చేయడం న్యాయమా?

యువతీ యువకులారా, 18 ఏండ్లు నిండిన వెంటనే ఫారం 6 నింపండి. ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు 1వ తేదీలు నాలుగూ అర్హతా తేదీలే. గ్రామసభలో మీరు అడిగినది తీర్మానాల పుస్తకంలో నమోదైనదో లేదో చదివి చూడండి. అర్జీకి రశీదు తీసుకోండి. దానిపై ఏ చర్య తీసుకున్నారో తెలియకపోతే 2005 సమాచార హక్కు చట్టం క్రింద అడగండి. 30 రోజులలో సమాధానమివ్వాలి.

తల్లిదండ్రులకు ఒక మనవి. మన రాష్ట్ర పంచాయతీలలో సగం స్థానాలు స్త్రీలవి. కుమారునితోపాటు కుమార్తెనూ గ్రామసభకు పంపండి. ఆ స్థానాలలో రేపు కూర్చోవలసిన వారికి సభలో మాట్లాడే అలవాటు నేటి నుండే కావాలి.