చివరి మనిషి చేరితేనే జట్టు చేరినట్టు

(షోలాపూర్‌లో దసరాకు ముందు ఆదివారం జరిగిన కార్మికుల సభలో చేసిన ప్రసంగం)



బోనస్ గురించి మాట్లాడాల్సిన వేదిక మీద పరుగు పందాల గురించి మాట్లాడతానంటే మీలో కొందరు నవ్వారు. "షిఫ్టంతా నిలబడి వచ్చినోణ్ణి మళ్ల ఉరకమంటవా అన్నా?" అని ఒక తమ్ముడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పడానికే లేచాను.

వానలు వెనక్కి తగ్గాయి. పగలు అక్టోబరు ఎండ చురుక్కుమన్నా తెల్లవారుజాము చల్లగా ఉంటుంది. మన రాష్ట్రంలో పరుగు పందాల కాలం ఇదే మొదలు. సతారాలో 2012 నుంచి కొండ హాఫ్ మారథాన్ జరుగుతోంది. సెప్టెంబరులో జరిగే ఆ పందెంలో సగం దూరం యవతేశ్వర్ ఘాటు ఎక్కాలి, సగం దూరం దిగాలి. 2004లో మొదలైన ముంబై మారథాన్ జనవరిలో జరుగుతుంది. దానికి తయారయ్యేవాళ్లు ఈ శరత్కాలంలోనే సాధన మొదలుపెడతారు. ఆ పందెంలో పూర్తి మారథానే కాదు, ఆరు కిలోమీటర్ల సరదా పరుగూ ఉంది, వృద్ధులకు వేరే, వికలాంగులకు వేరే పరుగులూ ఉన్నాయి. పరుగు అందరిదీ అన్నమాట.

"అవన్నీ బూట్లున్నవాళ్ల ముచ్చట్లు" అంటారేమో. కోజాగిరి పున్నమికి మన ఊరినుంచి తుల్జాపూర్‌కు ఎన్ని వేలమంది నడుస్తారో మీకు తెలుసు. సుమారు 45 కిలోమీటర్లు. మారథాన్ దూరం 42 కిలోమీటర్ల 195 మీటర్లు. అంటే, బీడీలు చుట్టి చుట్టి వేళ్లు కాయలు కాసిన మన అక్క, అమ్మవారి దర్శనానికని ఆ దూరం దాటి నడిచింది. ఎవరూ ఆమె మెడలో పతకం వేయలేదు, అంతే తేడా.

కొన్నేళ్ల కిందట నేనూ మా నూలు మిల్లు మిత్రులతో ఆ దారిన వెళ్లాను. తెల్లవారుతుండగా తుల్జాపూర్ ఘాటు దగ్గరికి చేరాం. "పైకి ముందెవరెక్కుతరో చూద్దాం" అన్నారెవరో. నేను ఉరికాను. అందరికంటే ముందెక్కాను కూడా. గర్వంగా వెనక్కి చూస్తే మా కార్డింగ్ ఖాతా తమ్ముడు కనపడలేదు. దిగి వెతికితే రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని, చేత్తో ఛాతీ పట్టుకుని ఊపిరి కోసం తన్నుకుంటున్నాడు.

"ఎప్పట్నుంచి తమ్మీ?" అన్నాను.

"మూడేండ్లయితుంది అన్నా. సెలవు అయినంక డ్యూటీ ఎక్కిన రోజు ఛాతీ బిగుసుకపోతది. మొదట్ల రెండో రోజుకు తగ్గేది. ఇప్పుడు తగ్గుతలేదు. చెబితే పనిలోంచి తీసేస్తరని చెప్పలె."

పదకొండేళ్లు ఒకే షిఫ్టులో పనిచేశాం. ఒకే గేటులోంచి లోపలికి వెళ్లాం, బయటికి వచ్చాం. రింగు ఫ్రేముల మోతలో అతని దగ్గు నాకు వినపడలేదు. ఘాటు మీద నిశ్శబ్దంలో వినపడింది. అప్పటికి నేను అతణ్ణి వదిలి పైకి ఉరికినవాణ్ణి. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ ఉంది.

ఆ జబ్బు పేరు బిస్సినోసిస్. పత్తి దుమ్ము ఏళ్ల తరబడి పీల్చడం వల్ల వస్తుంది. బ్లోరూములో, కార్డింగులో పనిచేసేవాళ్లకు ముప్పు ఎక్కువ. చట్టంలోని వృత్తి వ్యాధుల జాబితాలో ఇది ఉంది. తొలిదశలో గుర్తించి దుమ్ముకు దూరమైతే కోలుకోవచ్చు. ఆలస్యమైతే పోయిన ఊపిరి తిరిగిరాదు. గొట్టంలోకి గట్టిగా ఊదించే పరీక్షతో ఊపిరితిత్తుల బలం తెలుస్తుంది.

ఇప్పుడు ఆ తమ్ముడి ప్రశ్నకు జవాబు. నిలబడటం వేరు, వ్యాయామం వేరు. గంటల తరబడి నిలబడితే కాళ్ల నరాలు ఉబ్బుతాయే గాని గుండె గట్టిపడదు. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడక లాంటి శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట.

ఎవరి శక్తి కొద్దీ వారు మొదలుపెట్టాలి. ఎన్నడూ నడవనివాళ్లు మొదటి నెల నడవండి, చాలు. నడుస్తూ పక్కవాడితో మాట్లాడగలగాలి. మాట రాకపోతే వేగం ఎక్కువైనట్టు. నడక అలవాటైనవాళ్లు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, ఇలా ఇరవై నిమిషాలు చేయండి. వారం వారం పరుగు కొంచెం పెంచండి. ఐదు కిలోమీటర్లు ఆగకుండా ఉరికేవాళ్లే పదికి పోవాలి. నైట్ షిఫ్టు దిగి నిద్రలేకుండా ఉరకొద్దు. కొత్త బూట్లు పందెం రోజే తొడగొద్దు. నలభై దాటినవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు ముందు డాక్టరుకు చూపించుకోవాలి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, ఊపిరాడకపోవడం, వీటిలో ఏది వచ్చినా అక్కడే ఆగాలి. ఆగడం ఓడిపోవడం కాదు.

మిత్రులారా, సాహస పందాలని ఇంకో రకం పందాలున్నాయి. కొండలెక్కుతూ, పడవ నడుపుతూ, దిక్సూచి, పటం చూసుకుంటూ జట్టుగా సాగే పందాలు. 1989లో న్యూజిలాండ్‌లో రెయిడ్ గోల్వాజ్ అనే పందెం జరిగింది. జట్టుకు ఐదుగురు, వారిలో ఒక్క స్త్రీ అయినా ఉండాలి. జట్టంతా కలిసి గమ్యం చేరాలి. నలుగురు ముందు చేరి గెలిచామంటే కుదరదు. ఐదో మనిషి వచ్చినప్పుడే జట్టు వచ్చినట్టు. ఇది చదివినప్పుడు నాకు తుల్జాపూర్ ఘాటు గుర్తొచ్చింది. యూనియన్ అంటే ఇదే కదా అనిపించింది.

కార్మికులకు ఆటలెందుకు అనేవాళ్లకు చరిత్ర గుర్తుచేస్తాను. జర్మనీలో 1918లో ఎనిమిది గంటల పనిదినం వచ్చాక కార్మికుల ఆటల సంఘాలు బాగా పెరిగాయి. 1925లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో, 1931లో వియన్నాలో కార్మిక ఒలింపిక్స్ జరిగాయి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దేశాల జెండాలకు బదులు ఎర్రజెండాలు ఎగిరాయి. రికార్డుల కంటే ఎక్కువమంది పాల్గొనడమే గొప్ప అన్నారు వాళ్లు. 1933లో అధికారానికి వచ్చిన హిట్లర్ ప్రభుత్వం ఆ సంఘాలను రద్దుచేసింది. కలిసి ఉరికే కార్మికులంటే ఎవరికి భయమో అర్థం చేసుకోండి.

అందుకని ఈ సభ ముందు రెండు ప్రతిపాదనలు పెడుతున్నాను.

ఒకటి: దీపావళి తరువాత రెండో ఆదివారం మన యూనియన్ పరుగు. మూడు కిలోమీటర్లు నడక, ఐదు కిలోమీటర్లు నడక-పరుగు, పది కిలోమీటర్లు పరుగు. ఫీజు లేదు. ఐదుగురు ఒక జట్టు. ప్రతి జట్టులో స్త్రీ ఒకరు, యాభై దాటినవారు ఒకరు ఉండాలి. చివరి మనిషి గీత దాటినప్పుడే గడియారం ఆపుతాం.

రెండు: బ్లోరూము, కార్డింగ్ ఖాతాల్లో పనిచేసే ప్రతి ఒక్కరికీ ఏటా ఊపిరి పరీక్ష చేయించాలి. పరీక్షలో ఏం తేలినా పని పోకూడదు, జీతం తగ్గకూడదు. దుమ్ము లేని ఖాతాకు మార్చాలి. ఈ డిమాండ్‌ను యాజమాన్యాల ముందు పెడదాం. పని పోతుందనే భయం పోతేనే మనిషి నోరు తెరుస్తాడు.

మా తమ్ముడికి పరీక్ష అయింది. యూనియన్ పట్టుపట్టి అతణ్ణి కార్డింగ్‌నుంచి ప్యాకింగ్‌కు మార్పించింది. ఇక ఘాటు ఉరికి ఎక్కలేడు. అయితే మూడు కిలోమీటర్ల నడకకు పేరిచ్చాడు. అతని జట్టులో నా పేరూ ఉంది. ఈసారి నేను ముందు ఉరకను. అతను ఆగినచోట ఆగుతాను, లేచినప్పుడు లేస్తాను.

రేపటినుంచే మొదలుపెట్టండి. పక్కింటివాణ్ణి కూడా లేపండి.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!