రెండడుగుల నుంచి నాలుగడుగులకి: ఉప్పునీళ్ల అక్వేరియం మార్చే ముందు

ఈ ఎపిసోడ్ ఇంట్లో ఇప్పటికే ఉప్పునీళ్ల అక్వేరియం నడుపుతున్నవాళ్ల కోసం. రెండడుగుల ట్యాంక్, అందులో ఒక జత క్లౌన్ ఫిష్, ఒక గోబీ, కాసిని రాళ్లు. ఏడాదిన్నర బాగానే నడిచింది. ఇక అప్పుడు మొదలవుతుంది దురద: "నాలుగడుగులది పెడదామా?"

నన్నడిగితే పెట్టండి అనే చెప్తాను. నీళ్లు ఎక్కువుంటే మార్పు నెమ్మదిగా వస్తుంది. రాయి వెనకాల ఒక చిన్న చేప చచ్చిపడి ఉంటే, 120 లీటర్లలో పెరిగే అమోనియా 400 లీటర్లలో పల్చబడిపోతుంది. ఎండాకాలం నీళ్లు ఆవిరైనా ఉప్పు శాతం ఒక్కరోజులో ఎగిరిపోదు. చిన్న ట్యాంకే తేలిక అనుకుంటారు కానీ, ఉప్పునీళ్లలో అది తిరగబడుతుంది.

అయితే మనవాళ్లు ముందు అద్దం రేటు అడుగుతారు. అడగాల్సింది బరువు.

మా ఫ్రెండ్ ఒకడు కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటాడు. వాడికి కావాల్సింది 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు. లెక్క వేద్దాం. దాదాపు 430 లీటర్లు. సముద్రపు నీళ్లు మామూలు నీళ్లకన్నా కొంచెం బరువు, కాబట్టి 440 కిలోలు. 12 మిల్లీమీటర్ల అద్దం ఇంకో 85, 90 కిలోలు. రాళ్లు, ఇసుక, ఇనుప స్టాండు, కింద సంప్, అందులో నీళ్లు... మొత్తం 700 కిలోలు ఈజీగా దాటుతుంది. అంటే పదిమంది పెద్దవాళ్లు, సింగిల్ మంచంలో సగం కూడా లేని చోట, రాత్రీ పగలూ కదలకుండా నిలబడినట్టు!

మన దేశంలో ఇళ్ల గదులకి డిజైన్ చేసేటప్పుడు తీసుకునే లెక్క చదరపు మీటరుకి సుమారు 200 కిలోలు. ఐఎస్ 875 రెండో భాగంలో ఉంటుంది. మన ట్యాంక్ కింద అది 900 దాటుతోంది. కంగారు పడకండి, ఆ 200 అనేది గది మొత్తం పరుచుకున్న బరువు లెక్క, కాబట్టి పెట్టగానే స్లాబ్ కూలిపోతుందని కాదు. కానీ ఎక్కడ పెడుతున్నామన్నది ముఖ్యం. హాలు మధ్యలో వద్దు. కింద బీమ్ ఉన్న గోడ వారగా, పిల్లర్‌కి దగ్గరగా పెట్టాలి. బయటికి పొడుచుకొచ్చిన బాల్కనీలో అసలు వద్దు. బిల్డింగ్ డ్రాయింగ్ తీసుకెళ్లి ఒక స్ట్రక్చరల్ ఇంజినీర్‌కి చూపించండి. మా వాడు చూపించాడు. ఆయన టీవీ గోడ వద్దన్నాడు, బెడ్‌రూమ్ వైపు గోడ చూపించాడు. ఇంట్లో రెండు రోజులు గొడవైంది, అది వేరే సంగతి. అద్దె ఇల్లయితే ఓనర్‌కి ముందే చెప్పండి.

ఇక నీళ్లు. బోరు నీళ్లు వద్దు, మునిసిపల్ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. ఆర్ఓ నీళ్లే కావాలి. ఇక్కడ ఒక చిక్కుంది. వంటింటి ప్యూరిఫయర్లు చాలావాటిలో రుచి కోసం కొంత మినరల్ తిరిగి కలుపుతారు. టీడీఎస్ మీటర్ పెట్టి చూడండి. సున్నాకి దగ్గరగా రాకపోతే చివర్లో డీఐ కార్ట్రిడ్జ్ వేయించుకోవాలి. గంటకి 15 లీటర్లిచ్చే మెషిన్‌తో 400 లీటర్లు పట్టాలంటే 27 గంటలు, కాబట్టి వారం ముందే డ్రమ్ముల్లో పట్టడం మొదలుపెట్టాలి. ఉప్పు లీటరుకి సుమారు 35 గ్రాములు, అంటే 14 కిలోలు. అక్వేరియం కోసం చేసే సముద్రపు ఉప్పే వాడాలి. వంట ఉప్పులో కాల్షియం, మెగ్నీషియం లాంటివి సరిపడా ఉండవు.

వైజాగ్‌లో ఉన్నాం, ఆర్కే బీచ్ నుంచి క్యాన్లలో తెచ్చుకోవచ్చా అని అడిగేవాళ్లున్నారు. ఒడ్డు పక్క నీళ్లలో ఊరి డ్రైనేజీ, పోర్టు నూనె ఏది కలిసిందో మనకి కనపడదు. పైగా వానాకాలం అయ్యాక నదుల నీళ్లు వచ్చి కలవడంతో మన తీరంలో ఉప్పదనం బాగా తగ్గుతుంది. ఏ నెల తెచ్చారన్నదాన్ని బట్టి నీళ్లు మారిపోతాయి.

ఇప్పుడు అసలు విషయం, మార్చే రోజు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: మీరు ఆ రోజు మారుస్తున్నది చేపల్ని కాదు, బ్యాక్టీరియాని. చేపల వ్యర్థంలోంచి వచ్చే అమోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా నీళ్లలో పెద్దగా ఉండదు. రాళ్ల మీద, వాటి రంధ్రాల్లో, ఫిల్టర్ మీడియాలో అంటుకుని ఉంటుంది. పాత నీళ్లు మొత్తం మోసుకెళ్లి, రాళ్లని మాత్రం కుళాయి కింద శుభ్రంగా కడిగి పెట్టారనుకోండి... చేపలకి కొత్త ట్యాంక్ విషమే.

కొత్త ఉప్పునీళ్లు ముందు రోజే కలిపి, మోటారుతో తిప్పుతూ ఉంచండి. సాంద్రత 1.025, వేడి 25, 26 డిగ్రీలు, పాత ట్యాంక్‌తో సరిపోవాలి. పొద్దున్నే మొదలుపెట్టండి, రాత్రి ఎనిమిదింటికి కాదు. ఏదీ కదపకముందే పాత ట్యాంక్ పైన తేటగా ఉన్న నీళ్లు డ్రమ్ముల్లోకి తీయండి. తర్వాత రాళ్లు, ఆ నీళ్లలోనే, లోపల ఒక వేవ్‌మేకర్ తిరుగుతూ ఉండాలి. రాళ్లు తీసి నీళ్లు తగ్గించాకే చేపల్ని పట్టండి, లేకపోతే గంటసేపు వల పట్టుకుని తరుముతారు. వాటి బకెట్‌కి ఎయిర్ స్టోన్ పెట్టి మూత వేయండి. గోబీ దూకేస్తుంది.

పాత ఇసుక తేవద్దు. ఏడాదిన్నర కింద పేరుకున్న మురికి కదిపితే అమోనియా, ఒక్కోసారి కుళ్లిన గుడ్డు వాసనొచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ బయటికొస్తాయి. "ఇసుకలోనూ బ్యాక్టీరియా ఉంటుంది కదా" అని మా వాడు చాలాసేపు వాదించాడు. ఉంటుంది. కానీ రాళ్లలో ఉన్నది ఆ నాలుగు చేపలకి చాలు. కొత్త ఇసుక కడిగి వేశాం. రాళ్లు పేర్చి, నీళ్లు నింపి, మోటార్లు వేసి, వేడి, ఉప్పు, అమోనియా మూడూ చూసుకుని, సాయంత్రం నాలుగింటికి చేపల్ని కొద్దికొద్దిగా కొత్త నీళ్లు కలుపుతూ వదిలాం. ఆ రాత్రి అవి తినలేదు, తెల్లారి తిన్నాయి. వారం రోజులు రోజూ అమోనియా టెస్ట్ చేయాలి, మేత సగం వేయాలి.

కరెంటు గురించి. ఇరవైనాలుగు గంటలూ తిరిగే మోటార్లు కలిపి 80 వాట్లు అనుకుందాం, రోజుకి దాదాపు 2 యూనిట్లు. లైట్లు 150 వాట్లు, 9 గంటలు, ఒకటిన్నర యూనిట్ లోపు. మే నెలలో 300 వాట్ల చిల్లర్ 10 గంటలు తిరిగితే 3 యూనిట్లు. నెలకి 190 యూనిట్ల దాకా! మీ ఇంటి బిల్లు మీద ఇది అదనంగా పడి, స్లాబ్ మారిపోవచ్చు. ముందే ఇంట్లో చెప్పేయండి.

కరెంటు పోతే మొదట తగ్గేది ఆక్సిజన్, అది కూడా వేడి నీళ్లలో అసలే తక్కువ పడుతుంది. ఇన్వర్టర్ మీద ఒక వేవ్‌మేకర్ ఉంటే చాలు, లేదా బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ కొని పెట్టుకోండి. ఇంకోటి: మోటారు ఆగగానే పైనుంచి కొంత నీళ్లు సంప్‌లోకి దిగుతాయి. చేపలు వేయకముందే స్విచ్ ఆపి చూడండి. సంప్ పొంగితే మీ కింద ఫ్లోర్ వాళ్లకి ఉప్పునీళ్ల వాన.

చివరిది, కొత్త చేప. నాలుగడుగులు పెట్టిన ప్రతివాళ్లకీ డోరీ కావాలి, అదే బ్లూ టాంగ్. మా వాడి కూతురు కూడా అదే అడిగింది. పిల్లగా ఉన్నప్పుడు అర చేతిలో పడుతుంది, పెరిగితే అడుగు దాకా అవుతుంది, రోజంతా ఈదుతూనే ఉంటుంది. దానికి నాలుగడుగులంటే వరండాలో సైకిల్ తొక్కడం. పైగా క్లౌన్ ఫిష్‌ని హేచరీల్లో పెంచుతున్నారు కానీ, బ్లూ టాంగ్‌ని ట్యాంకుల్లో పుట్టించి పెంచడం మొదటిసారి 2016లో ఫ్లోరిడాలో జరిగింది. షాపులో కనపడేవి ఎక్కువగా సముద్రంలో పట్టినవే. నేను వద్దనే చెప్పాను. పాపకి మూడు రోజులు కోపం. పగడాలు, సముద్రపు గుర్రాలు ఎవరైనా చవగ్గా ఇస్తానన్నా తీసుకోకండి. 2001 నుంచి అవి మన వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నాయి.

ఏ కొత్త చేపైనా రెండు నెలల తర్వాతే, అది కూడా ఒక్కటి. ఆ పాత రెండడుగుల ట్యాంక్ అమ్మేయకండి. కొత్తగా వచ్చిన చేపని ఒక నెల అందులో విడిగా ఉంచి, ఒంటి మీద తెల్ల చుక్కలు లేవని చూసుకున్నాకే పెద్ద ట్యాంక్‌లోకి వదలండి.

సంప్ ఎలా కట్టించుకోవాలి, పైపు సైజు ఎంత ఉండాలి అన్నది వచ్చే ఎపిసోడ్‌లో బొమ్మలు గీసి చూపిస్తాను. ఉంటాను ఫ్రెండ్స్.