ఒక్కో సౌండ్‌కి ఒక్కో ట్రాక్: ఓబీఎస్‌లో ఆడియోని విడివిడిగా రికార్డ్ చేయడం ఎలా?

ముద్దనూరు నుంచి మళ్లీ మీ ముందుకొచ్చా. గేమ్ స్ట్రీమింగ్ చేసేవాళ్లు, ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పేవాళ్లు, స్క్రీన్ రికార్డ్ చేసి వీడియోలు పెట్టేవాళ్లు ఈ ఎపిసోడ్ చివరిదాకా చూడండి. కంప్యూటర్‌లో వచ్చే సౌండ్స్‌ని విడివిడి ట్రాకుల్లో ఎలా రికార్డ్ చేయాలో ఈరోజు చూద్దాం.

ముందు ఇది ఎందుకు కావాలో చెప్తా. రాత్రి మూడు గంటలపాటు ఫ్రెండ్స్‌తో గేమ్ ఆడుతూ రికార్డ్ చేశారనుకోండి. డిస్కార్డ్ కాల్‌లో నలుగురున్నారు. లాస్ట్ రౌండ్‌లో ఓడిపోతారనుకున్న మ్యాచ్ గెలిచారు, మీరు గట్టిగా అరిచారు. వీడియోకి అదే హైలైట్. సరిగ్గా అదే టైంలో కాల్‌లో ఉన్న ఒకడు ఇంట్లో ఎవరికో తన ఫోన్ నంబర్ పదంకెలూ చదివి చెప్తున్నాడు. వాడి మైక్ ఆన్‌లోనే ఉంది.

ఇప్పుడేం చేస్తారు? అన్ని సౌండ్స్ ఒకే ట్రాక్‌లో ఉంటే, ఆ నంబర్‌ని మ్యూట్ చేస్తే మీ అరుపూ పోతుంది, గేమ్ సౌండూ పోతుంది. ఆ ముక్క కట్ చేస్తే హైలైటే పోతుంది. అలాగే అప్‌లోడ్ చేస్తే మీ ఫ్రెండ్ నంబర్ ఊరందరి చేతికీ వెళ్తుంది. అదే ఫ్రెండ్స్ గొంతులు వేరే ట్రాక్‌లో ఉంటే? ఆ పది సెకన్లు ఆ ట్రాక్ ఒక్కటే మ్యూట్ చేస్తారు. మీ అరుపు ఉంటుంది, గేమ్ సౌండ్ ఉంటుంది, నంబర్ ఉండదు. పని అయిపోయింది.

ఏఐ టూల్స్ ఉన్నాయి కదన్నా, అవి విడదీస్తాయి కదా అంటారు. పాటలోంచి గొంతుని తీయడంలో అవి బాగానే పని చేస్తున్నాయి. కానీ నలుగురు ఒకేసారి మాట్లాడుతూ, వెనక తుపాకులు పేలుతుంటే, అందులోంచి ఒక్కడి గొంతుని శుభ్రంగా తీయడం చాలా కష్టం. పప్పులో కరిగిన ఉప్పుని వెనక్కి తీయలేం కదా, ఇదీ అంతే. విడిగా పట్టుకున్నదాన్ని ఎప్పుడైనా కలపొచ్చు. కలిపేసినదాన్ని మళ్లీ విడదీయడమే కష్టం.

మన పులివెందుల ప్రాంతంలో పుట్టిన బి.ఎన్.రెడ్డి గారు మద్రాసులో వాహినీ సంస్థకి 1951లో మల్లీశ్వరి తీశారు. ఆ రోజుల్లో పాట రికార్డింగ్ అంటే పాడేవాళ్లు, వాయించేవాళ్లు అందరూ కలిసి ఒకేసారి చేయాల్సిందే. ఒక వయొలిన్ తప్పితే పాట మొత్తం మళ్లీ మొదటినుంచి. ఇప్పుడు మీ లాప్‌టాప్‌లో ఆరు ట్రాకులు ఫ్రీగా ఉన్నాయి. చాలామంది ఒక్కటే వాడుతున్నారు.

ఆ ఆరు ట్రాకులు ఇచ్చేది ఓబీఎస్ స్టూడియో. ఫ్రీ, ఓపెన్ సోర్స్, వాటర్‌మార్క్ ఉండదు. 2022 ఆగస్టు 31న వచ్చిన 28వ వెర్షన్‌లో అప్లికేషన్ ఆడియో క్యాప్చర్ అనే సోర్స్ ఇచ్చారు. అంతకుముందు ఒక్కో యాప్ సౌండ్‌ని పట్టుకోవాలంటే వేరే ప్లగిన్ వేసుకోవాలి, లేదంటే వర్చువల్ కేబుల్‌తో తిప్పలు పడాలి. ఇప్పుడు విండోస్ 10లో 2004 వెర్షన్ గానీ, ఆ తర్వాతది గానీ, విండోస్ 11 గానీ ఉంటే చాలు.

సెటప్ చూద్దాం. పక్కన ఓబీఎస్ ఓపెన్ చేసుకుని నాతోపాటు చేయండి.

మొదటిది. సెట్టింగ్స్‌లో ఆడియోకి వెళ్లండి. గ్లోబల్ ఆడియో డివైసెస్ కింద డెస్క్‌టాప్ ఆడియో ఉంటుంది, దాన్ని డిసేబుల్డ్ చేయండి. దీన్ని మాత్రం మరిచిపోవద్దు. డెస్క్‌టాప్ ఆడియో అంటే కంప్యూటర్‌లో వచ్చే సౌండ్ మొత్తం. అది ఆన్‌లో ఉండగా గేమ్‌ని విడిగా కూడా పట్టుకుంటే అదే సౌండ్ రెండుసార్లు పడుతుంది, డబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. మైక్ మాత్రం అక్కడే సెలెక్ట్ చేసి ఉంచండి.

రెండోది. సోర్సెస్ బాక్స్‌లో ప్లస్ నొక్కి అప్లికేషన్ ఆడియో క్యాప్చర్ తీసుకోండి. గేమ్‌కి ఒకటి, డిస్కార్డ్‌కి ఒకటి, పాటలు ప్లే అయ్యే యాప్‌కి ఒకటి. ముందు ఆ యాప్స్ ఓపెన్ చేసి ఉంచండి, లేకపోతే లిస్టులో కనపడవు. మూడింటికీ పేర్లు పెట్టుకోండి.

మూడోది. ఎడిట్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్ ఓపెన్ చేయండి. ప్రతి సోర్స్ పక్కన 1 నుంచి 6 దాకా టిక్ బాక్సులు ఉంటాయి. నేను వాడే లెక్క ఇది. ట్రాక్ 1లో అన్నీ కలిపి. ట్రాక్ 2లో మైక్ మాత్రమే. ట్రాక్ 3లో గేమ్. ట్రాక్ 4లో డిస్కార్డ్. ట్రాక్ 5లో మ్యూజిక్. అంటే మైక్‌కి 1, 2 టిక్ చేసి మిగతావి తీసేయాలి. గేమ్‌కి 1, 3. డిస్కార్డ్‌కి 1, 4. మ్యూజిక్‌కి 1, 5.

ట్రాక్ 1లో అన్నీ ఎందుకంటే, మామూలు ప్లేయర్లు మొదటి ట్రాక్ ఒక్కటే వినిపిస్తాయి. ఫైల్‌ని ఫ్రెండ్‌కి పంపితే వాడికి అన్నీ వినపడాలి కదా.

నాలుగోది. సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్‌కి వెళ్లి, మోడ్‌ని సింపుల్ నుంచి అడ్వాన్స్‌డ్‌కి మార్చండి. రికార్డింగ్ ట్యాబ్‌లో ఆడియో ట్రాక్ 1 నుంచి 5 దాకా టిక్ పెట్టండి. ఇక్కడ పెట్టకపోతే ఇందాక చేసిన పనంతా వృథా, ఫైల్‌లో ఆ ట్రాకులు రావు.

ఫైల్ సైజ్ పెరుగుతుందేమో అని భయం అక్కర్లేదు. ట్రాక్‌కి 160 కేబీపీఎస్ పెడితే గంటకి 72 ఎంబీ. ఆరు ట్రాకులు పెట్టినా 432 ఎంబీ. అదే వీడియో 6000 కేబీపీఎస్‌లో గంటకి 2.7 జీబీ. మెమరీ తినేది వీడియోనే.

ఫార్మాట్ మాత్రం ఎంకేవీ పెట్టండి. మామూలు ఎంపీ4లో రికార్డ్ చేస్తుండగా కరెంటు పోతే ఫైల్ ఓపెన్ కాకపోవచ్చు. ఎంకేవీలో అప్పటిదాకా పడింది మిగులుతుంది. 1650 మెగావాట్ల ఆర్టీపీపీ మన పక్కనే ఉంది, అయినా కరెంటు పోయేటప్పుడు పోతుంది. అందరికీ యూపీఎస్ ఉండదు కదా. రికార్డింగ్ అయ్యాక ఫైల్ మెనూలో రీమక్స్ రికార్డింగ్స్ అని ఉంటుంది, అందులో వేస్తే కాసేపట్లో ఎంపీ4 అవుతుంది. క్వాలిటీ తగ్గదు, ట్రాకులన్నీ అలాగే ఉంటాయి.

ఇంకో ముఖ్యమైన మాట. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. స్పీకర్‌లో వింటే ఫ్రెండ్ గొంతు గాల్లోంచి వచ్చి మీ మైక్‌లో పడుతుంది. అప్పుడు డిస్కార్డ్ ట్రాక్ మ్యూట్ చేసినా ఆ నంబర్ మైక్ ట్రాక్‌లో వినిపిస్తుంది. వంద రూపాయల వైర్ ఇయర్‌ఫోన్స్ అయినా చాలు.

ఇప్పుడు ఒక నిమిషం టెస్ట్ రికార్డింగ్ చేయండి. వీఎల్‌సీలో ఓపెన్ చేసి, ఆడియో మెనూలో ఆడియో ట్రాక్ ఒక్కొక్కటీ మార్చి వినండి. మైక్ ట్రాక్‌లో మీ గొంతు తప్ప ఇంకేం వినపడకూడదు. ఈ టెస్ట్ చేయకుండా మూడు గంటల స్ట్రీమ్‌కి కూర్చోవద్దు.

ఎడిటింగ్‌కి వద్దాం. డావిన్చీ రిజాల్వ్‌లో గానీ ప్రీమియర్ ప్రోలో గానీ ఆ ఎంపీ4 వేస్తే ట్రాకులన్నీ ఒకదాని కింద ఒకటి వస్తాయి. ముందు ట్రాక్ 1 మ్యూట్ చేయండి, లేకపోతే ప్రతి సౌండూ డబుల్ అవుతుంది. తర్వాత మైక్ ట్రాక్ పని పట్టండి. మన ఇళ్లల్లో కింద కడప బండలు, పైన ఫ్యాన్. బండలకి గొంతు కొట్టుకుని మోగుతుంది, ఫ్యాన్ హోరు వెనకే ఉంటుంది. నాయిస్ రిడక్షన్ మైక్ ట్రాక్‌కి మాత్రమే వేస్తే గేమ్ సౌండ్ చెడిపోదు. రికార్డింగ్ మొదట్లో ఐదు సెకన్లు మాట్లాడకుండా ఉండండి, ఫ్యాన్ సౌండ్ ఒక్కటే దొరుకుతుంది, దాన్నే శాంపిల్‌గా ఇవ్వొచ్చు.

ఇక మ్యూజిక్. సినిమా పాట ఉన్న వీడియోకి యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ వస్తే, పాట ట్రాక్ 5లో ఉంది కాబట్టి అది తీసేసి ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. లైవ్‌లో వెళ్లేది కలిపిన ట్రాకే. లైవ్‌లో పడిన పాటని, లైవ్‌లో వినిపించిన నంబర్‌ని ఈ ట్రాకులు వెనక్కి తీసుకురాలేవు. అవి కాపాడేది మీ దగ్గరున్న రికార్డింగ్‌ని. ట్విచ్‌లో మాత్రం వీఓడీ ట్రాక్ అని ఒక ఆప్షన్ ఉంది. మ్యూజిక్ తప్ప మిగతావన్నీ ట్రాక్ 6కి ఇచ్చి, ఓబీఎస్‌లో వీఓడీ ట్రాక్‌గా దాన్ని పెడితే, లైవ్‌లో పాట వినిపిస్తుంది, తర్వాత ఉండే వీడియోలో ఉండదు.

డిస్కార్డ్ ట్రాక్‌లో నలుగురి గొంతులూ కలిసే వస్తాయి. ఒక్కొక్కరిదీ విడిగా కావాలంటే క్రెయిగ్ అనే బాట్ ఉంది, ఒక్కో మనిషికి ఒక్కో ఫైల్ ఇస్తుంది. ఏది వాడినా రికార్డ్ చేస్తున్నామని ఫ్రెండ్స్‌కి ముందే చెప్పండి. గొంతు వాళ్లది, అడగడం మన పని.

ఫోన్ మాత్రమే ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్ల సంగతేంటి? చాలా ఫోన్లలో స్క్రీన్ రికార్డర్ గేమ్ సౌండ్‌ని, మైక్‌ని కలిపేస్తుంది. అందుకే ఆండ్రాయిడ్‌లో డివైస్ ఆడియో మాత్రమే సెలెక్ట్ చేయండి. మీ గొంతుని ఇంట్లో ఉన్న ఇంకో ఫోన్‌లో వాయిస్ రికార్డర్‌తో పట్టండి. రెండూ ఆన్ చేశాక, గేమ్‌లో ఏదో ఒక బటన్ సౌండ్ స్పీకర్‌లో గట్టిగా వినిపించండి. అది రెండింట్లోనూ పడుతుంది. తర్వాత ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆడండి. ఎడిటింగ్‌లో ఆ సౌండ్ దగ్గర రెండు ఫైళ్లనీ కలిపితే సరిపోతుంది. పైసా ఖర్చు లేకుండా రెండు ట్రాకులు వచ్చేశాయి.

ఈరోజు మీ హోంవర్క్: ఒక నిమిషం టెస్ట్ రికార్డింగ్ చేసి, మైక్ ట్రాక్‌లో ఇంకేం సౌండ్స్ పడ్డాయో కామెంట్లో రాయండి. కుక్కర్ విజిలా, రైలు కూతా, ఏదైనా సరే. వచ్చే ఎపిసోడ్‌లో ఆ సౌండ్స్‌ని ఎలా తగ్గించాలో చూద్దాం. ఉంటా మరి, జాగ్రత్త.