ఎవరి కవరు పలచబడాలి?
(సర్వసభ్య సమావేశంలో స్కాలర్‌షిప్పు కమిటీ తరఫున చేసిన ప్రసంగం)



ఈ ఏడాది స్కాలర్‌షిప్పుల డబ్బు అందరికీ సమానంగా పంచాలా, లేనివారికి ఎక్కువ ఇవ్వాలా అని మా కమిటీలో మూడు సమావేశాలు వాదన జరిగింది. ఆ మధ్యలో మేము ఆస్ట్రేలియా సంగతి చదివాం. అంత దూరం ఎందుకంటారేమో! మన గొడవే అక్కడ దేశమంతటా పదిహేనేళ్లుగా నడుస్తోంది.

అక్కడ ప్రభుత్వ బడులకే కాదు, క్యాథలిక్, ఇస్లామిక్ తదితర ప్రైవేటు బడులకూ సర్కారు డబ్బిస్తుంది. ఎవరికెంత అన్నది తేల్చడానికి 2010లో డేవిడ్ గోన్‌స్కీ అధ్యక్షతన కమిటీ వేశారు. నివేదిక 2012లో బయటికొచ్చింది. ప్రతి విద్యార్థికీ ఒక మూల మొత్తం; ఆపైన పేదింటి పిల్లలకు, వికలాంగులకు, ఆదివాసీలకు, ఇంగ్లిషు సరిగా రానివారికి, మారుమూల బడులకు అదనం. ప్రైవేటు బడి అయితే తల్లిదండ్రుల స్తోమతును బట్టి మూల మొత్తంలో కోత. 2013లో చట్టమూ వచ్చింది.

అయితే ఏ బడికీ ఒక్క డాలరు తగ్గదని ప్రధాని జూలియా గిలార్డ్ ముందే మాట ఇచ్చారు. చిక్కంతా అక్కడే. 2017లో టర్న్‌బుల్ ప్రభుత్వం లెక్క మార్చగానే క్యాథలిక్ బడుల నిర్వాహకులు గట్టిగా ఎదురుతిరిగారు. మరుసటి ఏడాది మారిసన్ ప్రభుత్వం ప్రైవేటు బడులకు పదేళ్లలో దాదాపు 460 కోట్ల డాలర్లు అదనంగా ఇస్తామంది. రాష్ట్రాలేమో భవనాల తరుగుదలను, పిల్లల బస్సు ఖర్చును కూడా తమ వాటాలో కలిపి చూపాయి. తరుగుదలతో పుస్తకాలు కొనలేం కదా!

ప్రైవేటు బడులవారి మాటా వినాలి. ఆ తల్లిదండ్రులూ పన్ను కడుతున్నారు. 1962లో గోల్‌బర్న్ పట్నంలో క్యాథలిక్ బడులు మూసేసి, పిల్లల్ని ప్రభుత్వ బడుల్లో చేర్చుకోమని పంపారు. అందరికీ చోటు లేకపోయింది.

అయినా అవసరం ఎక్కువున్న పిల్లల్లో అత్యధికులు చదివేది ప్రభుత్వ బడుల్లోనే. 2023 నాటికి రాజధాని ప్రాంతంలో తప్ప ఎక్కడా ఆ బడులకు లెక్క ప్రకారం పూర్తి డబ్బు అందలేదు. 2025 మార్చికి రాష్ట్రాలన్నీ కొత్త ఒప్పందానికి వచ్చాయి. చాలా రాష్ట్రాల్లో కేంద్రం వాటా 20 నుంచి 25 శాతానికి పెరుగుతుంది, అదీ 2034కి. నివేదిక వచ్చిన ఏడాది ఒకటో తరగతిలో ఉన్న పాప ఇప్పటికే బడి చదువు ముగించేసింది.

మా కమిటీలోనూ లేనివారికి ఎక్కువ ఇద్దామంటే అందరూ చేయెత్తారు. ‘మరి ఎవరి కవరు పలచబడాలి?’ అనేసరికి మాట లేదు. చందాలిచ్చినవారి పిల్లలూ జాబితాలో ఉన్నారు, మా పిల్లలూ ఉన్నారు.

ఇంటి ఆదాయం, తండ్రి లేకపోవడం, బడి దూరం చూసి కొత్త జాబితా రాశాం. మొత్తం పెరగలేదు కనుక కొందరికి తగ్గుతుంది. ఎవరికీ తగ్గదని మేము మాట ఇవ్వడం లేదు. ముందుగా మా ఇళ్ల పేర్లు కొట్టేశాం. జాబితా బల్ల మీద ఉంది. అభ్యంతరాలుంటే మగ్రిబ్ నమాజు తర్వాత కూర్చుని వింటాం.